ఉండే హక్కు ఏ కాగితంలో ఉంది?

అమెరికాలో చదువు కోసమో ఉద్యోగం కోసమో తాత్కాలికంగా ఉంటున్న విదేశీయుడి హక్కు ఏ ఒక్క కాగితం మీదా పూర్తిగా రాసి ఉండదు. పాస్‌పోర్టును అతని సొంత దేశం ఇస్తుంది. అందులో అతికించే వీసాను అమెరికా విదేశాంగ శాఖ కింద పనిచేసే కాన్సులేటు ఇస్తుంది. విమానం దిగాక లోపలికి అనుమతించి, ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగం. దేశం లోపల ఉండగా గడువు పొడిగించేది, ఒక హోదా నుంచి మరో హోదాకు మార్చేది, అక్కడి తెలుగువారు యూఎస్‌సీఐఎస్ అని వ్యవహరించే పౌరసత్వ, వలస సేవల విభాగం. ఈ నాలుగింటిలో ఒక్కొక్కటీ తన కాగితం మీద తన తేదీ వేసుకుంటుందే తప్ప, పక్క కార్యాలయం వేసిన తేదీతో అది పొసగిందో లేదో చూసి చెప్పే బాధ్యత దేనికీ లేదు. ఆ తేదీలన్నీ కలిసేది విదేశీయుడి చేతిలోనే గనుక, వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోవలసినవాడూ అతనే.

వీసా అనేది గుమ్మం దాకా వచ్చి లోనికి రానివ్వమని అడగడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. దాని మీద అచ్చయిన గడువు, ఆ తేదీలోగా అమెరికా ప్రవేశద్వారం దగ్గర నిలబడవచ్చని చెబుతుందే గాని, లోపల ఎంతకాలం ఉండవచ్చో చెప్పదు. ఆ సంగతి చెప్పేది ఐ-94 అనే ప్రవేశ నమోదు పత్రం. ఒకప్పుడది విమానంలోనే చేతికిచ్చి నింపించే కార్డు. అధికారి దానిలో ఒక ముక్క చించి పాస్‌పోర్టుకు జతచేసి ఇచ్చేవాడు. 2013 నుంచి విమానాల్లో, ఓడల్లో వచ్చేవారికి కార్డు ఇవ్వడం మానేసి కంప్యూటర్‌లో నమోదు చేస్తున్నారు. కార్డు పాస్‌పోర్టులో ఉన్నంతకాలం దాని మీది తేదీ అప్పుడప్పుడైనా కంటబడేది. ఇప్పుడు ఎవరికి వారు సరిహద్దు రక్షణ విభాగం వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టి తీసుకుంటే తప్ప కనబడదు. అన్నిటికంటె ముఖ్యమైన కాగితమే అన్నిటికంటె తక్కువగా కంటబడేది కావడం ఈ వ్యవస్థలోని విడ్డూరం.

దీనివల్ల ఏర్పడే చిక్కు ఎలాంటిదో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ హోదాలో ఉన్న ఒకరికి కంపెనీ వేసిన పిటిషన్ 2028 సెప్టెంబరు 30 వరకు ఆమోదం పొందింది. ఆమోదాన్ని తెలిపే ఐ-797 నోటీసు మీద అదే తేదీ ఉంది. సంక్రాంతికి ఇంటికి వచ్చి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటులో స్టాంపింగ్ చేయించుకుంటే వీసా మీద కూడా అదే తేదీ పడింది. అతని భారతీయ పాస్‌పోర్టు గడువు మాత్రం 2027 మార్చి 14తో ముగుస్తుంది. తిరిగి అమెరికాలో దిగినప్పుడు అధికారి పాస్‌పోర్టు చెల్లుబాటుకు మించి అనుమతి ఇవ్వడు గనుక, ఐ-94 మీద 2027 మార్చి 14 అని నమోదు చేస్తాడు. ఆ ఉద్యోగి తర్వాత భారత కాన్సులేటులో కొత్త పాస్‌పోర్టు తెచ్చుకుని అంతా సక్రమంగా ఉందనుకుంటాడు. కాని పాస్‌పోర్టు కొత్తదైనంత మాత్రాన ఐ-94 తేదీ దానంతటది జరగదు. రెండు కాగితాలు రెండు తేదీలు చెబుతున్నప్పుడు సాధారణంగా చివరగా జారీ అయినదానికే విలువ గనుక, మార్చి 15 నుంచి అతను చట్టం దృష్టిలో గడువు మీరి ఉంటున్నట్టు లెక్క. జీతం పడుతూనే ఉంటుంది, పన్ను కోత పడుతూనే ఉంటుంది, కంపెనీ వకీలు ఫైల్లో 2028 అనే ఉంటుంది. హెచ్చరిక ఎక్కడినుంచీ రాదు.

గడువు దాటకముందే గమనిస్తే ఇది పెద్ద సమస్య కాదు. కొత్త పాస్‌పోర్టు చూపి విమానాశ్రయాల్లో ఉండే వాయిదా తనిఖీ కార్యాలయాన్ని అడగవచ్చు. అయితే అధికారి చేసిన పొరపాటును దిద్దడం అక్కడ ఖాయమే గాని, పాస్‌పోర్టు వల్ల తగ్గిన గడువును పెంచే విషయంలో అన్ని కార్యాలయాలూ ఒకే తీరుగా నడవవు. కంపెనీ చేత పొడిగింపు పిటిషన్ వేయించడం, లేదా కొత్త పాస్‌పోర్టుతో ఒకసారి దేశం దాటి మళ్లీ ప్రవేశించడం మిగిలిన మార్గాలు. వీటన్నిటికంటె సులువైనది ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు మార్చుకోవడం. గడువుకు ఏడాది ముందునుంచే భారత కాన్సులేట్లు ఆ దరఖాస్తు తీసుకుంటాయి. పాత పాస్‌పోర్టులో వీసా మిగిలి ఉంటే, రెండు పుస్తకాలూ కలిపి చూపితే సరిపోతుంది.

గమనించకపోతే కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు. 1996లో చేసిన వలస చట్టం ప్రకారం, 180 రోజులకు మించి, ఏడాదిలోపు, అక్రమంగా ఉండి వెళ్లిన వ్యక్తి మూడేళ్ల వరకు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవాడు పదేళ్ల వరకు తిరిగి రావడానికి అర్హుడు కాడు. ఈ నిషేధం దేశం విడిచినప్పుడే అమలులోకి వస్తుంది గనుక, తప్పు జరిగిందని తెలిసిన మనిషికి ఉండాలన్నా భయం, వెళ్లాలన్నా భయం. ఐ-94 తేదీ ఒక్కరోజు దాటినా ఉన్న వీసా రద్దయినట్టేననీ, కొత్త వీసాకు సాధారణంగా సొంత దేశంలోనే దరఖాస్తు చేసుకోవాలనీ చెప్పే నిబంధన మరొకటి ఉంది. దీనికి భిన్నంగా, వీసా గడువు తీరిపోయి ఐ-94 మాత్రం చెల్లుబాటులో ఉన్నవారు అనవసరంగా కంగారు పడటం కూడా తరచు కనబడుతుంది. దేశం దాటి వెళ్లనంత కాలం వారికి ఏ ఇబ్బందీ లేదు. వెళ్తే మాత్రం సాధారణంగా స్టాంపింగ్ తప్పదు, పైగా 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులను బాగా కుదించడంతో, పాతవారు సైతం మళ్లీ వరుసలో నిలబడవలసి వస్తోంది.

దేశం లోపలే గడువు పొడిగించుకున్నప్పుడు వచ్చే ఐ-797 నోటీసు అడుగుభాగంలో కొత్త ఐ-94 అచ్చయి ఉంటుంది. దాన్ని చించి పాస్‌పోర్టుతో ఉంచుకోవాలన్న సూచన దాని మీదే ఉన్నా, ఆ ముక్క ఎందుకో తెలియక మొత్తం కాగితాన్ని ఫైల్లో పడేసేవారే ఎక్కువ. పాత గడువు తీరకముందే పొడిగింపు దరఖాస్తు వేసి ఉంటే, నిర్ణయం వెలువడకపోయినా అదే యజమాని దగ్గర 240 రోజుల వరకు పని కొనసాగించవచ్చు. అయితే హోదా మార్పు కోసం, అంటే విద్యార్థి హోదా నుంచి ఉద్యోగి హోదాకో మరొకదానికో, దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం రాకముందే విమానం ఎక్కితే, ఆ మార్పును వదులుకున్నట్టే భావిస్తారు.

కుటుంబం విషయంలో పొరపాట్లు ఇంకా సులువుగా జరుగుతాయి. కంపెనీ వకీలు వేసేది ఉద్యోగి పిటిషన్. భార్యకు లేదా భర్తకు, పిల్లలకు హెచ్-4 హోదా పొడిగించాలంటే ఐ-539 అనే వేరే దరఖాస్తు పెట్టాలి. అది తన పని కాదని వకీలు, అది కూడా కలిసే ఉంటుందని ఉద్యోగి అనుకుంటే, ఇంటి పెద్దకు మూడేళ్ల గడువు వచ్చిన రోజునే ఇంట్లోవారి గడువు తీరిపోవచ్చు. కుటుంబంలో ఎందరుంటే అన్ని ఐ-94లు, ఒక్కొక్కరు వేర్వేరుగా ప్రయాణం చేస్తే అన్ని తేదీలు. హెచ్-4 వారిలో కొందరికి 2015 నుంచి పని అనుమతి కార్డు ఇస్తున్నారు. కొన్ని తరగతులవారు పునరుద్ధరణకు దరఖాస్తు చేస్తే చాలు, పాత కార్డే గరిష్ఠంగా 540 రోజులపాటు చెల్లే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసే దరఖాస్తుల్లో చాలావాటికి దాన్ని తీసివేశారు. కొత్త కార్డు చేతికి రాకముందే పాతది ముగిస్తే ఉద్యోగం ఆపవలసిందే గనుక, 180 రోజుల ముందే దరఖాస్తు వేయడం మేలు. పిల్లలకు 21 ఏళ్లు నిండగానే హెచ్-4 ముగుస్తుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతానికి మించి వాటా ఉండరాదన్న నియమం వల్ల భారతీయుల నిరీక్షణ పదేళ్లు దాటిపోతున్నందున, ఊహ తెలిసినప్పటి నుంచి అక్కడే పెరిగిన పిల్లలు ఆ వయసుకు వేరే హోదా వెతుక్కోవలసి రావడం, ఎంత జాగ్రత్తగా కాగితాలు పెట్టుకున్నా తప్పని అన్యాయం.

చిరునామా సంగతి చాలామంది పట్టించుకోరు. ఇల్లు మారిన పది రోజుల్లోగా ఏఆర్-11 అనే ఫారం ద్వారా ఆ మార్పు తెలపాలని చట్టం. తపాలా కార్యాలయానికి చెప్పినంత మాత్రాన యూఎస్‌సీఐఎస్‌కు చెప్పినట్టు కాదు. పని చేసే చోటు మారడం మరో మాట. హెచ్-1బి పిటిషన్ ఒక ప్రాంతపు వేతనాల లెక్క మీద ఆధారపడి ఉంటుంది గనుక, హ్యూస్టన్‌లో పని చేస్తానని చెప్పి డల్లాస్‌కు మకాం మార్చి ఇంటినుంచే పని చేసినా, యజమాని ముందుగా సవరణ పిటిషన్ వేయాలి. 2015 ఏప్రిల్‌లో సిమియో కేసులో వెలువడిన నిర్ణయం ఈ సంగతిని స్పష్టం చేసింది. ఇంటినుంచి పని వచ్చాక దీన్ని మరిచిపోవడం ఎక్కువైంది. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు వెసులుబాటు ఉంటుంది, కాని ఐ-94 అంతకుముందే ముగిస్తే ఆ వెసులుబాటూ అక్కడితోనే ముగుస్తుంది.

విద్యార్థుల లెక్క వేరు. ఎఫ్-1 విద్యార్థి ఐ-94 మీద ఇంతకాలంగా తేదీ ఉండటం లేదు; హోదా నిలబెట్టుకున్నంత కాలం ఉండవచ్చన్న అర్థంలో డీ/ఎస్ అన్న అక్షరాలు ఉంటాయి. తేదీ లేదు గనుక నిశ్చింత అనుకోవడం పొరపాటు. చూసుకోవలసినది విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం. దేశం దాటి వచ్చేముందు దాని మీద విద్యార్థి సలహాదారు సంతకం ఉండాలి. అది చదువుతున్నవారికి ఏడాది, ఓపీటీలో ఉన్నవారికి ఆరు నెలలు చెల్లుతుంది. చదువు అయ్యాక పని అనుభవం కోసం ఇచ్చే ఆ ఓపీటీ ఏడాదిలో నిరుద్యోగ దినాలు మొత్తం 90 దాటకూడదు. సైన్సు, ఇంజినీరింగు వంటి చదువులవారికి దొరికే 24 నెలల పొడిగింపుతో కలిపి 150. ఈ లెక్కను ప్రభుత్వపు కంప్యూటర్ రోజువారీగా వేస్తూనే ఉంటుంది.

ఐ-20 చేతిలో ఉండటమూ, చదువుకోవడమూ ఒకటి కాదని తెలుగు విద్యార్థులకు రెండుసార్లు చేదుగా తెలిసివచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో చేరినవారిలో అధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాలికి రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వ అధికారులే రహస్యంగా నడిపారు. అందులో తరగతులూ లేవు, అధ్యాపకులూ లేరు. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో. ప్రభుత్వమే ఎర వేసి పట్టుకోవడం న్యాయమా అన్న ప్రశ్న సమంజసమే. కాని తరగతికి వెళ్లనవసరం లేని చదువు హోదాను నిలబెట్టదన్నదీ నిజమే.

ఇక పేర్లు, పుట్టిన తేదీలు. భారతీయ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్న తెలుగువారికి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరైపోయి, అసలు పేరు స్థానంలో పేరు తెలియదని సూచించే ఎఫ్ఎన్‌యూ అన్న అక్షరాలు పడతాయి. అవే డ్రైవింగ్ లైసెన్సు మీదకు, జీతం చెక్కు మీదకు పాకుతాయి. ప్రయాణానికి ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నింపించుకుంటే పోయే తలనొప్పి ఇది. పుట్టిన తేదీ చిక్కు గ్రీన్ కార్డు దగ్గరకు వచ్చాక బయటపడుతుంది. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వయసు సరిపెట్టి రాసిన తేదీయే టెన్త్ సర్టిఫికెట్‌లోనూ, అక్కడినుంచి పాస్‌పోర్టులోనూ చేరి, అసలు పుట్టుక పంచాయతీ రిజిస్టరులో ఎక్కనే లేదని తేలేవారు పాత తరంలో చాలామంది. రిజిస్టరులో లేదని మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రం, పుట్టుక స్వయంగా ఎరిగిన పెద్దల అఫిడవిట్లు అప్పుడు కావలసి వస్తాయి. వకీలు అడిగాక హడావుడి పడేకంటె, సెలవులకు ఊరు వచ్చినప్పుడే ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకోవడం మేలు.

పాత కాగితాలనూ పారేయకూడదు. గ్రీన్ కార్డు చివరి దరఖాస్తులో అధికారి అడిగేది నేటి హోదా ఒక్కటే కాదు; మొదటి ఐ-20 నుంచి అన్ని ఐ-797లు, జీతం చీటీలు, యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలైన డబ్ల్యూ-2లు అడగవచ్చు. ఉద్యోగ ఆధారిత దరఖాస్తుల్లో చివరిసారి చట్టబద్ధంగా ప్రవేశించిన తర్వాత జరిగిన హోదా లోపాలు మొత్తం 180 రోజులు మించకపోతే క్షమించే నిబంధన ఉంది, కాని ఆ లెక్క తేల్చడానికీ కాగితాలే ఆధారం. వీటిలో చాలామంది దగ్గర లేనిది, గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే ఐ-140 పిటిషన్ ఆమోదపు నకలు. ఆ పిటిషన్ యజమానిది గనుక నోటీసు కంపెనీకి వెళ్తుంది, కొన్ని కంపెనీలు దాన్ని ఉద్యోగికి ఇవ్వవు. గ్రీన్ కార్డు వరుసలో అతని స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ మాత్రం దాని మీదే ఉంటుంది, ఉద్యోగం మారినా సాధారణంగా ఆ తేదీ అతనితోనే వస్తుంది. కంపెనీ ఇవ్వకపోతే, సమాచార స్వేచ్ఛ చట్టం కింద తన ఫైలు నకళ్ల కోసం యూఎస్‌సీఐఎస్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి యజమాని సంతకం అక్కరలేదు.