ఎండ్రకాయ ఎర్రబడగానే ఉడికినట్లు కాదు

వానకాలపు నాట్లు పడి మడులలో నీరు నిలిచినది మొదలు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గ్రామములలో ఎండ్రకాయలు గట్ల వెంట కనబడును. కాకతీయ కాలువ, సరస్వతి కాలువ, కడెం ప్రాజెక్టు క్రింది పొలములకు ఇవి కొత్త కావు. గట్టుకు బొరియలు చేసి మడి నీరు కారిపోవునట్లు చేయుట వలన రైతుకు ఇవి నష్టకారులు. అయినను పట్టి పులుసు పెట్టుకొన్న ఇంట మంచి మాంసాహారము. కావున వీనిని ఎట్లు వండవలెనో రైతు కుటుంబములు తెలిసికొనుట అవసరము.

రంగు ఎక్కడిది?

మిరపపండు ఎరుపు, మొక్కజొన్న పసుపు, బొప్పాయి నారింజ రంగు కెరోటినాయిడ్లు అను వర్ణద్రవ్యముల వలన కలుగుచున్నవి. ఎండ్రకాయ వీనిని తన ఒంట తయారు చేసికొనజాలదు. నాచు, ఆకు అలములు, చిన్న జీవులను తిని సంపాదించును. వీనిలో ముఖ్యమైన ఆస్టాజాంతిన్ నిజమునకు ఎర్రనిది. బ్రతికియున్నప్పుడు అది మాంసకృత్తులతో పెనవేసికొని ఉండుటచే పెంకు మట్టిరంగుగా కనబడును. వేడి తగులగానే ఆ ముడి విడిపోయి ఎరుపు బయటపడును.

ఇచ్చటనే జాగ్రత్త వహించవలెను. మొదట వేడెక్కునది పెంకు. అది ఎర్రబడిన సమయమునకు లోపలి మాంసము ఇంకను పచ్చిగా ఉండవచ్చును.

కంటికి కనబడని పురుగు

కొన్ని పరాన్నజీవులు రంగు వలననే బయటపడును. ఐరోపా వాగులలో రొయ్యవంటి చిన్న జీవుల ఒంట చేరు ఒక జాతి పురుగు వాని కెరోటినాయిడ్లను తనలో కూర్చుకొని, పలుచని పెంకు గుండ మెరయు నారింజ చుక్కవలె కనబడును. అట్టి జీవులను చేపలు ఎక్కువగా పట్టి తినుచున్నట్లు 1997లో వెలువడిన పరిశోధన తెలిపినది.

మంచినీటి ఎండ్రకాయలలో ఉండగల ఊపిరితిత్తుల పురుగు అట్లు కాదు. దాని పిల్లలు మొప్పలలో, మాంసములో అతి చిన్న తిత్తులుగా దాగియుండును. రంగును చూచి గుర్తింప వీలులేదు. ఈ పురుగును 1878లో యూరపు జంతుప్రదర్శనశాలలో చనిపోయిన భారతదేశపు పులి ఊపిరితిత్తులలో కనుగొనిరి. మరుసటి సంవత్సరమే మనిషిలోను కనబడినది.

రోగి కఫముతో పురుగు గ్రుడ్లు నీటిలో పడును. పొదిగిన పిల్లలు మొదట నత్తలలోను, పిమ్మట ఎండ్రకాయలలోను ప్రవేశించును. పచ్చి ఎండ్రకాయను తిన్నవారి ప్రేగులను తొలిచికొని ఊపిరితిత్తులు చేరి, కాఫీగింజంత పెరుగును. దీర్ఘకాలపు దగ్గు, ఛాతీ నొప్పి, తుప్పురంగు లేక నెత్తురు కలిసిన కఫము లక్షణములు. మన దేశములో ఈ వ్యాధి ముఖ్యముగా మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రములలో కనబడినది. క్షయ అని భ్రమపడి ఆ మందులే వాడిన సందర్భములు కలవు.

పాటించవలసినవి

1. ఎండ్రకాయను పగులగొట్టి, ముక్కల లోపలి వరకు వేడి చేరునట్లు పులుసులో బాగుగా మరిగించవలెను. మాంసపు వేడి 63 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గరాదు.

2. పొలము వద్ద పిల్లలు నిప్పులపై పైపైన కాల్చి తిననీయరాదు.

3. దగ్గుకు గాని బలమునకు గాని పచ్చి ఎండ్రకాయ రసము త్రాగించరాదు. ఉప్పు, పులుపులలో నానబెట్టుటను నమ్మరాదు. చైనాలో మద్యములో నానిన పచ్చి పీతలు తిన్నవారికి సయితము ఈ వ్యాధి సోకినది.

4. పచ్చి ఎండ్రకాయను కోసిన కత్తి, పీట, చేతులు కడిగిన తరువాతనే ఇతర పదార్థములను ముట్టవలెను.

5. పురుగుమందు చల్లిన మడిలోని ఎండ్రకాయలను తినరాదు. ఉడికించినంత మాత్రమున మందు విషము పోదు.

6. కాలువలో, మడి నీటిలో ఉమ్మివేయరాదు.

దగ్గు తగ్గక, క్షయ పరీక్షలలో ఏమియు తేలని రోగి ఎండ్రకాయలు తిను అలవాటును వైద్యునికి తప్పక చెప్పవలెను. ఈ పురుగుకు ప్రాజిక్వాంటెల్ అను మంచి మందు కలదు. వైద్యుని సలహాపై కొద్ది రోజులు వాడిన చాలును. గ్రామ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు నాట్ల కాలములో ఈ విషయమును రైతు వేదికలందు చెప్పిన మేలు. మన పెద్దలు ఎండ్రకాయను పులుసులో మరగకాచి తిను పద్ధతి మంచిది, దానిని విడువరాదు.