ఈగ చెప్పిన సాక్ష్యము

హైదరాబాదు నగరమునకు ఉత్తర దిక్కున మేడ్చల్, శామీర్‌పేట అను ఊళ్లున్నవి. ఒకప్పుడు పొలములతోను ద్రాక్షతోటలతోను నిండియుండిన ఈ ప్రాంతమునకు ఇప్పుడు నగరము వ్యాపించినది. ఐనను రాతిగుట్టలు, తుమ్మపొదలు, చెఱువుగట్లు నేటికిని మిగిలియున్నవి. ఇట్టి చోట, జనసంచారము లేని ఒక పొదమాటున, ఎవరిదో మృతదేహము కనబడెననుకొనుడు. రక్షకభటులు వత్తురు. "ఇతడెవరు?" అనునది వారి మొదటి ప్రశ్న. "ఇతడెప్పుడు మరణించెను?" అనునది రెండవ ప్రశ్న.

ఈ రెండవ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని ఒక మనుష్యుని జీవితమే దానిపై ఆధారపడియుండును. అనుమానమునకు గురియైన వాడొకడు "సోమవారమునాడు నేను వరంగల్లులో నుంటిని" అని చెప్పి, అందుకు సాక్షులను చూపెననుకొనుడు. మరణము సోమవారమున జరిగియుండినచో అతడు నిరపరాధి. ఆదివారమున జరిగియుండినచో ఆ సాక్ష్యము అతనిని కాపాడజాలదు. కాలనిర్ణయమున ఒక్క దినము పొరపాటు వచ్చినను నిర్దోషి చెరసాల పాలు కావచ్చును, దోషి తప్పించుకొనవచ్చును.

ప్రాణముతోనున్న మానవుని శరీరపు వేడిమి సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీలు. ప్రాణము పోయిన పిదప శరీరము క్రమముగా చల్లబడి, చుట్టునున్న గాలితో సమానమగును. ఎంత చల్లబడెనో కొలిచి, ఎంతకాలమైనదో వైద్యులు అంచనా వేయుదురు. చలిదేశములందు మొదటి దినమున ఈ పద్ధతి చక్కగా ఉపకరించును. కాని హైదరాబాదు ప్రాంతమున మే నెల మధ్యాహ్నములందు వేడిమి 40 డిగ్రీలను దాటుట కలదు. శరీరము కంటె గాలియే వేడిగానున్నప్పుడు శరీరము చల్లబడుటెట్లు? అంతియెగాక, రెండుమూడు దినములు గడచిన పిమ్మట ఏ దేశమునందైనను ఈ కొలత పనికిరాదు. అప్పుడు శాస్త్రజ్ఞుడు మఱియొక గడియారమువైపు చూచును. ఆ గడియారము ఈగ.

కీటకములు నేరమును బయటపెట్టగలవను సంగతి క్రొత్తది కాదు. చైనాదేశమున సుంగ్ ట్సు అను న్యాయాధికారి 1247వ సంవత్సరమున ఒక గ్రంథము రచించెను. ఒక గ్రామమున కొడవలితో జరిగిన హత్యను గూర్చి అందు చెప్పబడినది. విచారణాధికారి గ్రామస్థుల కొడవళ్లనన్నిటిని తెప్పించి నేలపై పఱపించెను. ఈగలు వచ్చి ఒక్క కొడవలిపైననే వ్రాలినవి. కంటికి కనబడని రక్తలేశమును అవి వాసనచే పసిగట్టినవి. ఆ కొడవలి యజమానుడు తన నేరమును ఒప్పుకొనెను.

ఐనను, కుళ్లిన మాంసమునుండి పురుగులు వానియంతట అవియే పుట్టునని జనులు చిరకాలము నమ్ముచుండిరి. 1668లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడగు ఫ్రాన్సెస్కో రెడి కొన్ని పాత్రలలో మాంసముంచి, కొన్నిటిని తెఱచియుంచి, కొన్నిటిని మూసియుంచెను. తెఱచిన పాత్రలలోనే పురుగులు కనబడినవి. పురుగునకు మూలము ఈగ పెట్టిన గ్రుడ్డేయని దీనివలన తేలినది. కావున పురుగు వయస్సు తెలిసినచో ఈగ వచ్చిన కాలము తెలియును. నేటి శాస్త్రమునకు ఇదియే పునాది.

పచ్చగను నీలముగను మెఱయు ఈగలు భారతదేశమున విరివిగా కలవు. ఆరుబయట మృతదేహమున్నచో పగటివేళ ఇవి కొద్దిసేపటిలోనే వచ్చి, గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు ఒక దినమునకు గ్రుడ్డునుండి డింభకము వెలువడును. అది రెండుమార్లు కుబుసము విడిచి, మూడు దశలలో పెరుగును. దాని వెనుకకొననుండు శ్వాసరంధ్రములందు రెండవ దశలో రెండేసి, మూడవ దశలో మూడేసి చీలికలుండును. సూక్ష్మదర్శినితో వానిని లెక్కించి దశను నిర్ణయింతురు. పెరుగుట ముగిసిన డింభకము తిండి మాని, మన్నులో దూరి, గోధుమవన్నె గుల్లలో నిశ్చలముగా నుండును. తుదకు ఆ గుల్లను పగులగొట్టుకొని క్రొత్త ఈగ బయటికి వచ్చును. క్రైసోమియా మెగాసెఫాలా అను జాతిలో, 27 డిగ్రీల వేడిమియందు, గ్రుడ్డు మొదలు ఈగవఱకు సుమారు పది దినములు పట్టును.

1935వ సంవత్సరము సెప్టెంబరు 29న స్కాట్లండులోని మోఫట్ పట్టణ సమీపమున ఒక లోయలో ఇద్దఱు స్త్రీల దేహభాగములు దొరకినవి. గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు చెందిన అలెగ్జాండర్ మియర్న్స్ అందలి డింభకములను పరీక్షించి, వాని వయస్సు 12 మొదలు 14 దినములని తెలిపెను. ఆ స్త్రీలు సెప్టెంబరు నడుమనుండి కనబడుటలేదు. రెండు లెక్కలును సరిపోయినవి. ఇతర ఆధారములతోబాటు ఇదియు న్యాయనిర్ణయమునకు తోడ్పడినది.

అయితే ఈగ గడియారము ఎల్లప్పుడు ఒకే వేగముతో నడవదు. మితమైన వేడిమిలో త్వరగాను, చలిలో మెల్లగాను నడచును. ఒక పురుగు 10 డిగ్రీలకు లోబడినప్పుడు పెరగదనియు, ఒక దశకు చేరుటకు దానికి 1800 డిగ్రీ-గంటలు కావలయుననియు ఉదాహరణకు అనుకొనుడు. వేడిమి 28 డిగ్రీలైనచో, 10 తీసివేయగా, గంటకు 18 చొప్పున జమయగును. 100 గంటలలో లెక్క పూర్తియగును. వేడిమి 22 డిగ్రీలైనచో గంటకు 12 మాత్రమే జమయగును. 150 గంటలు పట్టును. పురుగు ఒక్కటే, దశ ఒక్కటే. కాని తేడా రెండు దినములకు పైబడినది. ఆదివారమునకు సోమవారమునకు నడుమ నున్నది ఒక్క దినమేగదా!

కావున వేడిమి తెలియక పురుగు వయస్సు చెప్పరాదు. హైదరాబాదు వాతావరణ కేంద్రము బేగంపేటలో కలదు. ప్రతిదినపు వేడిమి అచ్చట నమోదగుచుండును. కాని శామీర్‌పేట చెఱువుగట్టున చెట్టునీడ ఒక తీరు. మేడ్చల్ చెంత ఎండకు కాగిన బండనేల మఱియొక తీరు. అందుచే పరిశోధకులు మృతదేహము దొరకిన స్థలముననే కొన్ని దినములు ఉష్ణమాపకము నుంచి, గంటగంటకు వేడిమిని కొలుతురు. ఆ అంకెలను అవే దినముల కేంద్రపు అంకెలతో పోల్చి, భేదమును గ్రహింతురు. పిదప గడచిన దినముల అంకెలను ఆ స్థలమునకు తగినట్లు సవరింతురు.

పురుగులను సేకరించుటయు జాగ్రత్తతో కూడిన పని. కొన్నిటిని వేడినీటిలో ముంచి చంపి, ఆల్కహాలులో భద్రపఱతురు. కొన్నిటిని ప్రాణముతో పెంచి, ఈగలైన పిదప జాతిని గుర్తింతురు. ఇంత చేసినను సందేహమునకు తావుండును. ఈగలు సాధారణముగ రాత్రివేళ గ్రుడ్లు పెట్టవు. వాన కురిసినను, దేహము మూసిన గదిలోనున్నను, అవి ఆలస్యముగా వచ్చును. డింభకములు గుంపుగానున్నచో ఆ గుంపే వేడెక్కి, వాని పెరుగుదలను త్వరపఱచును. అందుచే నిజమైన నిపుణుడు ఫలానా గంటకు మరణించెనని చెప్పడు. "ఇన్ని దినములకు తక్కువ కాదు" అని మాత్రమే చెప్పును. తన విద్యకు హద్దు తెలిసియుండుటయే అతని నిజాయితీ.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడు సంవత్సరములు గాని అంతకు మించి గాని శిక్ష గల నేరములందు శాస్త్రనిపుణుడు స్థలమునకు పోయి ఆధారములను సేకరింపవలయునని విధించినది. దీనిని అమలుపఱచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు కలదు.

వాతావరణ కేంద్రమున్న బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొని, లోకమునకు మేలు చేసెను. ఈగయు దోమవలెనే అల్పజీవి; జనులు అసహ్యించుకొనునది. దానికి మాటలు రావు, పగ లేదు, పక్షపాతము లేదు. దాని సాక్ష్యమును ఓర్పుతో చదువగలవాడున్నచో, నోరులేని మృతునికిని, నిందపడిన నిర్దోషికిని న్యాయము దొరకును.