పాత లారీలలో ఇంజన్ అధిక ఉష్ణోగ్రత: పల్నాడు పరిస్థితులలో కారణ నిర్ధారణ

పల్నాడు జిల్లాలో మిరప దిగుబడి గుంటూరు మార్కెట్ యార్డుకు తరలే కాలంలోనే ఎండలు ముదురుతాయి. మాచర్ల, గురజాల ప్రాంతాల నుండి పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా బస్తాలు మోసే పాత లారీ ఇంజన్ దారిలో మరిగితే సరుకు ఆలస్యమవుతుంది. సిలిండర్ హెడ్ వంకరపోయి, పిస్టన్లు పట్టివేసే ప్రమాదమూ ఉంది. విడిభాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చడానికి ముందు కారణాన్ని క్రమపద్ధతిలో గుర్తించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

వేసవి ప్రభావం

రేడియేటర్ వెలువరించే ఉష్ణం, అందులోని నీటికి, బయటి గాలికి గల ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడి ఉంటుంది. నీరు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నపుడు గాలి 30 డిగ్రీలైతే ఆ భేదం 60. రెంటచింతల వేసవిలో వలె గాలి 45 డిగ్రీలకు చేరితే భేదం 45 మాత్రమే. అనగా చల్లబరచే సామర్థ్యం నాలుగో వంతు తగ్గుతుంది. శీతాకాలంలో కనబడని లోపం వేసవిలో బయటపడడానికి ఇదే కారణం. కనుక ఎండను మాత్రమే నిందించి పరీక్షను మానరాదు.

సున్నపు పొలుసు

పల్నాటి నేలల అడుగున సున్నపురాయి విస్తారంగా ఉంది. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి కాల్షియం కార్బనేట్‌గా మారి, రేడియేటర్ గొట్టాలలోను, సిలిండర్ల చుట్టూ ఉన్న నీటి మార్గాలలోను పొలుసుగా పేరుకొంటుంది. పోత ఇనుముతో పోలిస్తే ఈ పొలుసు ఉష్ణాన్ని అతి తక్కువగా ప్రసరింపజేస్తుంది. తాగునీటిలో కాఠిన్యానికి భారతీయ ప్రమాణాలు అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 600 మిల్లీగ్రాములు. అటువంటి నీటిని, ఆవిరైపోయిన దానికి బదులుగా, రోజుకు 2 లీటర్ల చొప్పున 90 రోజులు పోస్తే లోపల మిగిలే లవణం 108 గ్రాముల వరకు ఉంటుంది. తాగదగిన నీరంతా రేడియేటర్‌కు తగినది కాదని దీనివలన స్పష్టమవుతుంది.

పరిశీలన క్రమం

1. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతనే మూత తీసి నీటి మట్టం చూడాలి. మట్టం తగ్గి సెన్సార్ ఆవిరిలో ఉంటే మీటరు తక్కువ ఉష్ణోగ్రతను చూపవచ్చు.

2. థర్మోస్టాట్ హౌసింగ్ వద్ద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచి మీటరుతో పోల్చాలి. పెద్ద తేడా ఉంటే సెన్సార్‌ను, వైరింగ్‌ను పరీక్షించాలి.

3. మూత రబ్బరు వాషరు చూడాలి. చదరపు సెంటీమీటరుకు 0.5 కిలోల పీడనాన్ని నిలిపే మూత నీటి మరుగు స్థానాన్ని సుమారు 111 డిగ్రీలకు పెంచుతుంది. వాషరు చెడితే నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది.

4. వేడి ఎప్పుడు పెరుగుతున్నదో గమనించాలి. నిలిచి ఉన్నపుడు, నెమ్మదిగా నడిచేటపుడు పెరిగితే గాలి ప్రవాహ లోపాన్ని అనుమానించాలి: వదులైన ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ రెక్కల మధ్య చేరిన దుమ్ము, పత్తి నూగు. బరువుతో నడిచేటపుడు మాత్రమే పెరిగితే పొలుసు పట్టిన గొట్టాలు, అరిగిన నీటి పంపు, పీల్పుకు ముడుచుకుపోయే కింది హోస్ ముఖ్య కారణాలు.

5. ఇంజన్ వేడెక్కినా పై హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదని భావించవచ్చు. రేడియేటర్ ముఖంపై అక్కడక్కడ చల్లని భాగాలుంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్లు.

6. చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తే, లేదా ఆయిల్ పాలవలె మారితే, హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి.

ఇవన్నీ సరిగా ఉంటే అధిక బరువు, పట్టివేసిన బ్రేకులు, ఇంధన టైమింగ్ లోపం చూడాలి.

నివారణ

థర్మోస్టాట్‌ను తొలగించి నడపడం పరిష్కారం కాదు. బైపాస్ మార్గం గల ఇంజన్లలో అప్పుడు వేడినీరు కొంత రేడియేటర్‌లోకి పోకుండానే తిరిగి ఇంజన్‌లో చేరుతుంది. లీకులను సరిచేసి, పొలుసును తొలగించి, డిస్టిల్డ్ నీటిలో తయారీదారు సూచించిన నిష్పత్తిలో కూలెంట్ కలిపి వాడాలి. అది లభించనిచోట బోరు నీటికన్నా శుభ్రంగా పట్టిన వాన నీరు మేలు. మరిగిన ఇంజన్‌లో చల్లని నీరు పోస్తే హెడ్ పగలవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు మిరప కోతలకు ముందే, జనవరిలోగా, ఈ పరీక్షలు చేయించుకోవలసిందిగా వాహనం గల రైతులకు సూచించాలి.