అమెరికాలో పెద్దవాళ్లకు 'డే కేర్': చేర్చే ముందు ఏం చూడాలి?

మన హైదరాబాద్ నుంచి వెళ్లి షికాగో, డల్లాస్, న్యూజెర్సీలో స్థిరపడినవాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మీ, అబ్బాలను గ్రీన్ కార్డు మీద తీసుకెళ్తారు. కొన్నేళ్లకు పక్షవాతమో, మతిమరుపో వస్తుంది. ఇంట్లో ఇద్దరూ డ్యూటీకి వెళ్తే పగలు ఎవరు చూసుకోవాలి? చాలాసార్లు కూతురో, కోడలో ఉద్యోగం మానేయాల్సి వస్తుంది. ఆ నిర్ణయానికి ముందు 'అడల్ట్ డే హెల్త్ కేర్' గురించి తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ పెద్దవాళ్లు పగలంతా ఉండి సాయంత్రం ఇంటికి వచ్చేస్తారు. నర్సు ఉంటారు. మందులు వేళకు ఇస్తారు, బీపీ, షుగర్ చూస్తారు, భోజనం పెడతారు. చాలాచోట్ల వ్యాన్ సౌకర్యం కూడా ఉంటుంది. 'సోషల్ డే కేర్' వేరు. అక్కడ కాలక్షేపమే ముఖ్యం, వైద్యం తక్కువ. పేరు చూసి మోసపోవద్దు.

ఖర్చు ఎంత?

జెన్‌వర్త్ సంస్థ 2023 సర్వే ప్రకారం దీని మధ్యస్థ ధర రోజుకు సుమారు 95 డాలర్లు. ఇంటికి వచ్చే సహాయకురాలికి గంటకు 33 డాలర్లు, అంటే 8 గంటలకు 264. నర్సింగ్ హోమ్‌లో ఇద్దరుండే గదికి నెలకు 8,600 పైనే. చూస్తే డే కేర్ చౌకే. కానీ సెంటర్ 4 గంటలకు మూసేసి మీరు 7కి ఇల్లు చేరితే, ఆ 3 గంటల మనిషికి ఇంకో 99 కలపాలి. మొత్తం 194 అవుతుంది. లెక్క ఇలా వేయాలి.

డబ్బు ఎవరు కడతారు?

మామూలు మెడికేర్ దీనికి ఇవ్వదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ ఇస్తుంది. అయితే గ్రీన్ కార్డు వచ్చాక సాధారణంగా 5 ఏళ్లు ఆగాలి. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మాత్రం సొంత ఖర్చే.

వెళ్లి చూడాల్సినవి

భోజనం టైమ్‌లో వెళ్లండి. నర్సు రోజంతా ఉంటారా? ఆరుగురికి కనీసం ఒక సిబ్బంది ఉండాలని అక్కడి జాతీయ డే సర్వీసెస్ సంఘం సూచిస్తోంది. బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? ఆడవాళ్లకు ఆడమనిషే ఉంటారా? హలాల్ భోజనం, నమాజుకు చోటు, ఉర్దూ లేదా తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారా? లేటైతే ఫైన్ ఎంత? అన్నీ అడగండి.

రాత్రిపూట లేచి బయటికి వెళ్లిపోయేవాళ్లకు, మంచం దిగలేనివాళ్లకు ఇదొక్కటే సరిపోదు. రాత్రి కాపలా మళ్లీ ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. అందుకే ముందు వారానికి రెండు రోజులు పంపి చూడండి. సాయంత్రం వచ్చాక తిన్నారా, మాట్లాడుతున్నారా, మళ్లీ వెళ్తానంటున్నారా గమనించండి. నెల తర్వాత అమ్మీనే అడిగి తేల్చుకోండి.