ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం

 ఎన్టీఆర్ భార్య బసవతారకం క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరిట హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. అయినా మన ఇళ్లలో చాలామంది ఆ జబ్బు పేరెత్తరు. ‘గడ్డ’ అంటారు, అదీ గొంతు తగ్గించి.

రోగికి మాత్రం అంతా తెలుస్తూనే ఉంటుంది.

అందుకే నర్సు ఆపరేషన్‌కు ముందురోజు మంచం పక్కన కూర్చుని మొదట అడగాల్సింది: ‘డాక్టరుగారు మీకేం చెప్పారమ్మా?’ రోగికి తెలిసింది విన్నాకే మిగతాది చెప్పాలి. మెలకువ వచ్చేసరికి ఒంటికి గొట్టాలుంటాయి, నొప్పికి మందిస్తారు, రొమ్ము తీసేస్తే గాయం నుంచి నీరు దిగే గొట్టం కొన్నాళ్లుంటుంది. ఇవి ముందే తెలిస్తే, కళ్లు తెరిచాక బెదురు తగ్గుతుంది.

దిగులునూ కొలుస్తారు. థర్మామీటర్ బొమ్మ మీద 0 నుంచి 10 దాకా అంకెలుంటాయి. రోగి 4 గానీ ఆపైన గానీ చూపిస్తే ఇంకాస్త లోతుగా మాట్లాడాలి, అవసరమైతే కౌన్సెలర్‌ను పిలవాలి.

ధైర్యం చెప్పేది కౌన్సెలరే కానక్కర్లేదు. న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడ తన రొమ్ము ఆపరేషన్ అయ్యాక, 1952లో తనలాంటివాళ్లను పలకరించడం మొదలుపెట్టారు. అనుభవించినవాళ్ల మాటకు బరువెక్కువ.

మన పరామర్శలు వేరు. ‘మా తోడికోడలూ ఇలాగే పోయింది’ అంటూ వస్తారు. అప్పుడు నర్సు చేయాల్సిన మొదటి వైద్యం, వాళ్లను మెల్లగా వరండాలోకి పంపడం.