కోర్సు ఆన్‌లైన్‌లో.. ప్రాక్టికల్స్‌ మన బస్టాండ్‌లో!

బీటెక్‌ చదువుతున్నా, బీకాం చేస్తున్నా ‘యూఎక్స్‌ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందట’ అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. విజయవాడలోనో, గుడివాడలోనో, మచిలీపట్నంలోనో కూర్చుని ఇంటరాక్షన్‌ డిజైన్‌ నేర్చుకోవచ్చా? నిక్షేపంగా నేర్చుకోవచ్చు. పాఠాలకు కొదవలేదు, చాలావాటికి పైసా ఖర్చు లేదు. కాకపోతే ఈ సబ్జెక్టులో సగమే స్క్రీన్‌ మీద దొరుకుతుంది. మిగతా సగం మనుషుల దగ్గర ఉంటుంది. దాన్ని వదిలేస్తే సర్టిఫికెట్‌ చేతిలో ఉన్నా ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆ రెండో సగాన్ని సొంతూళ్లోనే ఎలా సంపాదించుకోవాలో చూద్దాం.

రంగులు వేయడం కాదు

చాలామంది దీన్ని గ్రాఫిక్‌ డిజైన్‌ అనుకుంటారు. బటన్‌ ఏ రంగులో ఉండాలన్నది చిన్న విషయం. దాన్ని నొక్కాక ఏం జరుగుతుంది? తప్పు నొక్కితే వెనక్కి ఎలా రావాలి? మధ్యలో నెట్‌ పోతే కట్టిన డబ్బు సంగతేంటి? అసలు ప్రశ్నలు ఇవీ. 1980ల్లో బిల్‌ మోగ్రిడ్జ్‌, బిల్‌ వెర్‌ప్లాంక్‌ అనే డిజైనర్లు ఈ పనికి ‘ఇంటరాక్షన్‌ డిజైన్‌’ అని పేరు పెట్టారు. తొలితరం ల్యాప్‌టాప్‌లలో ఒకటైన గ్రిడ్‌ కంపాస్‌ను రూపొందించింది మోగ్రిడ్జే. తీరా దాన్ని వాడటం మొదలుపెట్టాక, బయటి పెట్టెతో కంటే లోపలి సాఫ్ట్‌వేర్‌తోనే తనకు ఎక్కువ పని పడుతోందని ఆయన గమనించారు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే ‘మన మిత్ర’ను చూడండి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లో దీన్ని ప్రారంభించింది. కొత్త యాప్‌ వేసుకోనక్కర్లేదు, అలవాటైన చాట్‌లోనే మెనూ వస్తుంది. ఇక్కడ రంగులు, ఫాంట్లు డిజైనర్‌ చేతిలో లేవు. ఏ సేవ ముందు కనిపించాలి, దానికి ఏ పేరు పెట్టాలి, ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలి.. డిజైనంతా ఇందులోనే ఉంది. మీ ఫోన్‌లో తెరిచి ఏదైనా ఒక సేవ కోసం వెళ్లండి. ఎక్కడ తడుముకున్నారో, ఎందుకో రాసుకోండి. మొదటి పాఠం అయిపోయినట్టే!

పాఠాలు ఎక్కడ?

* ఎన్‌పీటీఈఎల్‌-స్వయం: మనుషులకూ కంప్యూటర్లకూ మధ్య సంబంధంపై ఐఐటీ గువాహటి ప్రొఫెసర్‌ సమిత్‌ భట్టాచార్య కోర్సు చెప్పారు. వీడియోలు ఉచితం. సర్టిఫికెట్‌ కావాలంటే, కోర్సు నడిచే సెమిస్టర్‌లో నమోదై, ఫీజు కట్టి, సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వీటిలో కనీసం 10, 30 తెచ్చుకోవాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం స్వయం కోర్సుల క్రెడిట్లను 40 శాతం వరకు డిగ్రీలో కలుపుకోవచ్చు. మీ కాలేజీ కలుపుతుందో లేదో నమోదుకు ముందే డిపార్ట్‌మెంట్‌లో అడగండి.

* డీసోర్స్‌: ఐఐటీ బాంబే డిజైన్‌ విభాగం ఐడీసీ ఆధ్వర్యంలోని ఉచిత వెబ్‌సైట్‌. కోర్సులతో పాటు మన దేశంలోని వృత్తులు, వస్తువుల మీద సచిత్ర కథనాలుంటాయి.

* కోర్సెరా: యూనివర్సిటీ ఆఫ్‌ కాలిఫోర్నియా, శాన్‌డియాగో వారి ఇంటరాక్షన్‌ డిజైన్‌ కోర్సులు, గూగుల్‌ యూఎక్స్‌ సర్టిఫికెట్‌ ఇక్కడ పేరున్నవి. ఫీజు కట్టలేనివారు ఆర్థిక సాయానికి దరఖాస్తు చేసుకునే వీలుంది.

* ఫిగ్మా: స్క్రీన్లు, ప్రొటోటైప్‌లు తయారుచేసే టూల్‌. విద్యార్థులకు ఉచితం.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఒకటి పట్టుకుని పూర్తి చేయండి.

తప్పు చెప్పేవాళ్లు కావాలి

డిజైన్‌ కాలేజీల్లో లెక్చర్‌ కంటే, చేసిన పనిని అందరి ముందూ పెట్టి చర్చించడమే ఎక్కువ నేర్పుతుంది. ఒంటరిగా వీడియోలు చూసేవారికి లేనిది అదే. 2012లో ప్రొఫెసర్‌ స్కాట్‌ క్లెమర్‌ స్టాన్‌ఫర్డ్‌ నుంచి ఇలాంటి కోర్సును కోర్సెరాలో పెట్టినప్పుడూ ఇదే సమస్య వచ్చింది. వేలమంది పనిని ఒక్కరు దిద్దలేరు కదా! అందుకే ముందే ఇచ్చిన ప్రమాణాల ప్రకారం విద్యార్థులే ఒకరి పనిని ఒకరు దిద్దుకునే పద్ధతి పెట్టారు.

ఆ పద్ధతిని మీ హాస్టల్‌కు తెచ్చుకోండి. నలుగురు చాలు. వారానికో సాయంత్రం, ఒక్కొక్కరికి పావుగంట. ‘సూపర్‌ రా’, ‘బాలేదు’ అనే మాటలు నిషేధం. ‘ఎవరు, ఏ పని చేయబోయి, ఎక్కడ ఆగిపోతారు’ అన్నదే చెప్పాలి. నలుగురిలో ఒకరైనా కంప్యూటర్స్‌ చదవనివారు ఉంటే మరీ మంచిది.

డెల్టాయే మీ ల్యాబ్‌

విజయవాడ పండిట్‌ నెహ్రూ బస్టాండ్‌లో ఎంక్వైరీ దగ్గర ఓ గంట నిలబడండి. అవనిగడ్డ వెళ్లే పెద్దావిడ బోర్డు చూస్తారా, పక్కవాళ్లను అడుగుతారా? ఎదురుగా రాసి ఉన్నదాన్నే మళ్లీ ఎందుకు అడుగుతున్నారు? ఇలా వచ్చిన 30 ప్రశ్నలు రాసుకుంటే, ఏ యాప్‌లో ఏది ముందు కనిపించాలో వాటంతటవే చెబుతాయి.

కైకలూరు వైపు వెళ్తే మరో రకం సమస్య. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్‌ పడిపోతుంది. ఏరేటర్లు ఆగితే రొయ్యలు చనిపోతాయి. ఆ వేళ రైతు నిద్రలోనైనా ఉంటారు, టార్చి పట్టుకుని గట్టు మీదైనా ఉంటారు. ఓ మూలన వచ్చిపడే నోటిఫికేషన్‌ ఆయనకు అక్కరకొస్తుందా? ఫోన్‌ మోగితే మేలా? తడిచేత్తో, చీకట్లో ఏది నొక్కగలరు? ఈ ప్రశ్నలు బెంగళూరు ఆఫీసులో కూర్చుంటే తట్టవు. ఆక్వా చేసే ఇంట్లో పుట్టినవారికి అడక్కుండానే తెలుసు. మీకున్న బలం ఇదే.

మీరు చేసిన ప్రొటోటైప్‌ను పరీక్షించడానికి వందలమంది అక్కర్లేదు. ఐదుగురితో చేస్తేనే చాలా లోపాలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్‌ నీల్సన్‌ 2000లోనే రాశారు. దిద్దుకుని మళ్లీ ఐదుగురికి చూపించాలి. పద్ధతి మాత్రం పాటించండి:

* ‘బాబాయ్‌, ఇది మీకు పరీక్ష కాదు, మా యాప్‌కి పరీక్ష’ అని ముందే చెప్పండి.
* ఒక పని అప్పగించి నోరు మూసుకోండి. ‘అక్కడ నొక్కండి’ అన్నారంటే పరీక్ష పాడైనట్టే.
* అనుమతి లేకుండా వీడియో తీయొద్దు. ఆధార్‌ నంబర్లు, ఓటీపీలు అసలే అడగొద్దు.

తెలుగు తెరను కూడా పట్టించుకోండి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు, వత్తులు కింది వరుసను తాకుతాయి. బటన్‌ ఎత్తు, వెడల్పు కనీసం 48 డీపీ ఉండాలన్నది ఆండ్రాయిడ్‌ సూచన. ‘సమర్పించు’ అంటే అర్థమవుతోందా, ‘పంపండి’ అంటేనా? మీరు ఊహించొద్దు, ఐదుగుర్ని అడగండి.

పోర్ట్‌ఫోలియోలో ఏం ఉండాలి?

ఫుడ్‌ డెలివరీ యాప్‌కు కొత్త రంగులు వేసిన ప్రాజెక్టులు లెక్కలేనన్ని ఉంటాయి. పైగా ఒక్క వాక్యం రాస్తే స్క్రీన్లు గీసిపెట్టే ఏఐ టూల్స్‌ వచ్చేశాయి. గీయడం ఒక్కటే తెలిస్తే నిలబడటం కష్టం. పది ప్రాజెక్టులు వద్దు, రెండు చాలు. ఎవర్ని కలిశారు, ఏం చూశారు, మొదటి ప్రయత్నం ఎక్కడ తప్పింది, ఏం మార్చారు, మార్చాక ఐదుగురిలో ఎంతమంది పని పూర్తి చేశారు.. ఈ వరుసలో రాయండి. తప్పిన స్క్రీన్‌ను దాచకండి. దాన్ని చూపిస్తేనే మీ ఆలోచన తెలుస్తుంది.

డబ్బు కట్టే ముందు

‘ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ’ అనే కోర్సులు ఫోన్‌ చేసి మరీ పిలుస్తాయి. పంట డబ్బులో, నాన్న దాచిన డబ్బులో తీసి కట్టే ముందు నాలుగు విషయాలు అడగండి. గ్యారంటీ షరతులు కాగితం మీద ఇస్తారా? ఉద్యోగం రాకపోతే ఎంత వెనక్కిస్తారు? మీ పనిని ఎవరు, వారానికి ఎన్నిసార్లు చూసి దిద్దుతారు? పాత బ్యాచ్‌ వాళ్లతో మీరే స్వయంగా మాట్లాడొచ్చా? ఈఎంఐ అంటే చాలాచోట్ల మీ పేరునో, ఇంట్లోవాళ్ల పేరునో తీసుకునే అప్పు. కోర్సు మధ్యలో మానేసినా వాయిదాలు ఆగకపోవచ్చు. ముందు ఉచిత కోర్సు ఒకటి పూర్తి చేసి, ఐదుగురితో ఒక పరీక్ష చేసి చూడండి. అప్పటికీ ఆసక్తి నిలిస్తే ఖర్చు గురించి ఆలోచించొచ్చు.

ఆ తర్వాత?

పై చదువు కావాలంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్‌ పరీక్ష ఉంది. మూడేళ్ల డిగ్రీ చదివినవారు, ఏ గ్రూపువారైనా రాయొచ్చు. వయసు పరిమితి లేదు. చేత్తో బొమ్మలు గీయాల్సిన భాగం ఉంటుంది కాబట్టి ఇప్పటినుంచే రోజూ గీయండి. ఇంటర్‌ చదివే తమ్ముడో చెల్లో ఉంటే బీడెస్‌ కోసం యూసీడ్‌, ఎన్‌ఐడీ పరీక్షల గురించి చెప్పండి. 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌ మనకు దగ్గర్లోనే ఉంది. ఉద్యోగాలకైతే యూఎక్స్‌ డిజైనర్‌, ప్రొడక్ట్‌ డిజైనర్‌, యూఎక్స్‌ రిసెర్చర్‌ అనే పేర్లతో వెతకండి. ఇంటర్న్‌షిప్‌ను కాగితం మీద ముగించకుండా, ఊళ్లోని ఆసుపత్రికో, విత్తనాల దుకాణానికో నిజంగా పనికొచ్చేది ఒకటి చేసిపెట్టండి.

వచ్చే ఆదివారం ఖాళీయేనా? ఒక నోట్‌బుక్‌, ఒక పెన్ను తీసుకుని బస్టాండ్‌కో, రైతుబజారుకో వెళ్లండి. ఫోన్‌తో తంటాలు పడుతున్న ఒక్కరిని అనుమతి అడిగి, పక్కన నిలబడి చూడండి. సోమవారం కోర్సు వీడియో తెరిచినప్పుడు అందులోని ప్రతి మాటకూ మీ కళ్ల ముందు ఒక మనిషి ఉంటారు.