గడియారం తీసేసిన పేజీ

మా మద్రసాలో చదువు ముగించుకొని వెళ్ళిన ఒక విద్యార్థి నిరుడు రమజాన్‌కు ముందు నా వద్దకు వచ్చాడు. వితంతువైన వాళ్ళ ఆపా ఇంట్లోనే దుపట్టాలపై జర్దోజీ పని చేస్తుంది. ఆమె పనితనం నలుగురికీ తెలియాలని అతడు ఒక వెబ్ పేజీ తయారు చేయించాడు. “హజ్రత్, చూసేవాళ్ళు వస్తున్నారు గానీ కొనేవాళ్ళు లేరు” అంటూ ఫోను నా చేతికిచ్చాడు.

పేజీ తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. పైన ఎర్రటి అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ‘రెండు గంటలే గడువు’ అంటూ ఒక గడియారం తిరుగుతోంది. కింద ఇరవై బొమ్మలు; ఒక్కదానికీ ధర లేదు. పేజీని మూసి మళ్ళీ తెరిచాను. గడియారం తిరిగి రెండు గంటల నుంచే మొదలైంది! అతడి ముఖంలోకి చూశాను. “అందరూ ఇలాగే పెడతారు హజ్రత్” అన్నాడు.

అందరూ పెడుతున్నందుకే కాబోలు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి 13 మోసపు పోకడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. లేని తొందరను పుట్టించడం ఆ జాబితాలో మొట్టమొదటిది. చివరి దశ దాకా అసలు ధర దాచడం కూడా అందులో ఉంది.

మనకైతే ఈ పాఠం కొత్తది కాదు. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. వెబ్ పేజీకి కూడా ‘పైభాగం’ ఉంటుంది. జేకబ్ నీల్సన్ అనే పరిశోధకుడు 2006లో 232 మంది చూపు కదలికలను గమనించి, చదువరుల కళ్ళు ఎక్కువగా పై వరుసల మీద, ఆపై ఎడమ అంచు వెంబడి సాగుతాయని తెలిపాడు. అంటే, కొనేవారికి ముందుగా కావలసిన సమాచారం అక్కడే ఉండాలి.

ఆ రాత్రి ఇద్దరమూ కూర్చొని పేజీని తిరిగి కూర్చాము. పైన కిటికీ వెలుతురులో తీసిన ఒకే దుపట్టా బొమ్మ. దాని పక్కనే వస్తువు పేరు, ధర, పంపే ఖర్చు, ఎన్నిరోజుల్లో చేరుతుందన్న మాట. ఫోనుతో తీసిన బొమ్మలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉన్నాయి. వాటిని 200 కేబీకి తగ్గించగానే పేజీ చటుక్కున తెరుచుకుంది. మాటలన్నీ ప్రెస్సులో అను ఫాంట్లతో కూర్చి బొమ్మలుగా అతికించినవి. ఈ చిక్కు తెలుగువారికి బాగా పరిచితమే. ఆ అక్షరాలను నేరుగా పేజీలో పెడితే పిచ్చిగీతలుగా మారతాయి. అందుకని అంతా యూనికోడ్‌లో తిరిగి టైపు చేశాము. అప్పుడే గూగుల్‌లో తెలుగులో వెతికేవారికి దొరికే అవకాశం హెచ్చు. అడుగున ఒకే మీట, వాట్సాప్‌కు. దాని లంకెలో 91 తరువాత పది అంకెలు; ప్లస్ గుర్తు గానీ ఖాళీలు గానీ ఉండరాదు.

ఒక దుపట్టా అంచున జరీ కాస్త నల్లబడింది. దాన్ని చూపడానికి కుర్రవాడు వెనుకాడాడు. ఆపాకు ఫోను చేస్తే, “దగ్గరగా ఫోటో తీసి పెట్టు, ధర తగ్గించు” అన్నది. దాన్ని రెండవ బొమ్మగా ఉంచాము.

ఆర్డర్లేమీ వెల్లువెత్తలేదు. కానీ ధర అడగడానికి వచ్చే ఫోన్లు తగ్గి, ఏ రంగు కావాలో చెప్పే సందేశాలు మొదలయ్యాయి. ధరలు మార్చే పని ఇప్పుడు ఆపాయే తన ఫోనులో చేసుకుంటోంది.